దసరా రాత్రి పాతికమందికి భోజనం: ముందు రోజు ఏం చేసి పెట్టుకోవాలి?

ప్రశ్న: మాది నల్లగొండ. ఈసారి దసరా రాత్రి భోజనం మా ఇంట్లోనే. ఆడిబిడ్డలు, వాళ్ల పిల్లలు, చిన్నత్తవాళ్లు, మా అమ్మవాళ్లు కలిపి పాతికమంది దాకా అవుతారు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. బగారన్నం, మటన్, గారెలు, గుత్తివంకాయ, భక్షాలు అనుకున్నాం. నాకూ అందరితో కలిసి జమ్మికి పోవాలని ఉంది. అన్నీ ముందు రోజే వండి ఫ్రిజ్‌లో పెట్టేస్తే సరిపోతుందా?

జవాబు:

బిడ్డా, నీ మెనూ బాగుంది. మార్చుకోవాల్సింది "అన్నీ ముందు రోజే వండి" అన్న ఒక్క మాటే. మా పుట్టిల్లు దేవరకొండ వైపు, ఇప్పుడు ఉండేది మహబూబ్‌నగర్. ఇంటి దగ్గరే ఆర్డర్ల మీద వంట చేయబట్టి పద్దెనిమిదేళ్లు అవుతోంది. ముప్పై నలభై మందికి వండటం ఇప్పుడు నాకు లెక్క కాదు. కానీ మొదటిసారి పాతికమందికి వండాల్సి వచ్చినప్పుడు నేనూ నీలాగే అనుకున్నాను, అన్నీ ముందే చేసి పెట్టుకుంటే పండుగ నాడు చీర కట్టుకుని అందరితో కూర్చోవచ్చని. ఆ కథ కింద చెప్తాను.

వంటకం పేరు చూసి ముందు రోజు చేయొచ్చా వద్దా అని అడిగితే జవాబు దొరకదు. ఒక రాత్రి గడిస్తే దానికి ఏమవుతుందో చూసుకోవాలి. మటన్ కూరకు, వంకాయ మసాలాకు రాత్రి గడిస్తే రుచి పెరుగుతుంది. పూర్ణానికి, అల్లం ఎల్లిగడ్డ ముద్దకు ఏమీ కాదు. బగారన్నం, వేయించిన గారెలు, కోసిపెట్టిన ఉల్లిగడ్డలు మాత్రం తెల్లారేసరికి పనికిరాకుండా పోతాయి. నీ పనులన్నీ ఈ లెక్కలో పెట్టుకో.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. దసరా ముందు రోజు ఖాళీగా ఉండే రోజు కాదు. కొన్ని ఏళ్లలో సద్దుల బతుకమ్మకు, దసరాకు మధ్య ఒక రోజు దొరుకుతుంది, కొన్ని ఏళ్లలో అదీ దొరకదు. సద్దుల నాడే నీ "ముందు రోజు" అయితే పొద్దున పూలు తెంపడం, తంగేడు, గునుగు కట్టలు కత్తిరించడం, మధ్యాహ్నం బతుకమ్మను పేర్చడం, పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద ముద్దలు. చెరువు దగ్గర ఆడి ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆ కాళ్లతో మళ్లీ పొయ్యి దగ్గర నిలబడితే కూరలో ఉప్పు రెండుసార్లు పడుతుంది, నాకు పడింది కూడా. కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటాక పండుగ వంట పని ఏదీ పెట్టుకోకు. ఇంకో మాట, బతుకమ్మ పూలు మిగిలాయని ఫ్రిజ్‌లో పెడతారు చూడు, బంతిపూల వాసన పెరుగుకు పట్టిందంటే ఇక పోదు. పూలను తడి గుడ్డలో చుట్టి బయట నీడన పెట్టుకోవాలి.

మధ్యలో నవమి వస్తే ముందు అత్తమ్మను ఒక మాట అడుగు. చాలా ఇళ్లల్లో నవమి నాడు నీసు వండరు. కొన్ని ఇళ్లల్లో దసరా పొద్దున అమ్మవారికి నైవేద్యం పెట్టేదాకా పచ్చి మాంసం ఇంట్లోకే రానివ్వరు. మీ ఇంటి పద్ధతి ఏదో తెలియకుండా నేను మటన్ ముందు రోజు వండమని చెప్తే ఇంట్లో లేనిపోని గొడవ. అందుకే రెండు దారులూ చెప్తాను.

ముందు రోజు తేవడానికి ఇంట్లో అభ్యంతరం లేకపోతే మటన్ ముందు రోజే తెప్పించు. తాజాగా కోసిందే మెత్తగా ఉంటుందని అందరూ అనుకుంటారు. కోసిన వెంటనే వండితే నిజమే. కానీ కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది. పండుగ నాడు దుకాణం ముందు గంటన్నర లైన్లో నిలబడి తెచ్చి వండేసరికి సరిగ్గా ఆ బిగువులో ఉంటుంది, అందుకే ఎన్ని విజిల్స్ వేసినా కొన్నిసార్లు ముక్క సాగుతుంది. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంటే ఆ బిగువు వదులుతుంది. 2025లో దసరా అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడే వచ్చింది కదా. ఆ రోజు మటన్ దుకాణాలు బంద్ అని జనమంతా ఒకటో తారీఖునే తెచ్చి పెట్టుకున్నారు. మా గల్లీలో ఆ ఏడు తిట్టుకోని వాళ్లు లేరు. తిన్న తర్వాత మాత్రం ముక్క మెత్తగా ఉందని చాలామంది అన్నారు.

పాతికమందిలో పిల్లలు ఏడెనిమిది మంది ఉంటారు అనుకుంటే ఎముకతో కలిపి నాలుగున్నర కిలోల మటన్ సరిపోతుంది. పెద్దవాళ్లకు మనిషికి పావు కిలోకు కాస్త తక్కువ లెక్క. పక్కన చికెన్ కూడా పెడితే మటన్ మూడు కిలోలకు తగ్గించుకో. చికెన్ కూర మాత్రం ముందు రోజు వండకు. మళ్లీ వేడి చేస్తే పీచు పీచు అవుతుంది. రాత్రి మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టుకుని దసరా మధ్యాహ్నం వండుకో.

తెచ్చిన మటన్‌ను ముందు రోజు మధ్యాహ్నమే వండుకోవచ్చు, లేదా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి దసరా నాడు వండుకోవచ్చు. దసరా నాడు వండేట్టయితే మసాలా రాత్రే పట్టించు. నాలుగున్నర కిలోలకు పావు కిలో అల్లం ఎల్లిగడ్డ ముద్ద, నూట ఇరవై గ్రాముల కారం, ముప్పావు వంతు ఉప్పు, పసుపు, ఒక గంటెడు నూనె. మిగతా ఉప్పు ఉడికేటప్పుడు చూసి వేసుకోవాలి. కొందరు మెత్తబడుతుందని పచ్చి బొప్పాయి ముద్ద కూడా రాత్రే కలిపేస్తారు. అది వద్దు. బొప్పాయి పాలు రాత్రంతా పని చేస్తే ముక్క పైన పేస్టులా జారిపోతుంది, లోపల అట్లే ఉంటుంది. వేయాలనుకుంటే వండటానికి ముందు ఒక అరగంట, అదీ ముదురు మాంసం అయితేనే. మసాలాల సంగతి కూడా ఒక మాట. ఇప్పుడు యూట్యూబ్ చూసి మటన్‌లో పద్నాలుగు రకాల పొడులు వేస్తున్నారు. చారాణా కోడికి బారాణా మసాలా అని మన పెద్దలు ఊరికే నవ్వలేదు. ధనియాలు, ఎండు కొబ్బరి, కొద్దిగా గసగసాలు, లవంగం, చెక్క, యాలకులు, అంతే. వేయించి, పొడి కొట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ముందు రోజు పెట్టుకో. వాసన పోదు.

ఇక నా కథ. పెళ్లయిన నాలుగో ఏడు అనుకుంటా. సద్దుల బతుకమ్మ ఆడి వచ్చి రాత్రి తొమ్మిదికి నాలుగు కిలోల మటన్ పొయ్యి మీద పెట్టాను. పదకొండింటికి దించాను. వేడివేడిగా ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుందని ఎవరో చెప్పిన మాట విని, గంజుకు గట్టిగా మూత పెట్టి, చీమలు పట్టకుండా చుట్టూ తడి గుడ్డ వేసి వంటింట్లో కింద పెట్టి పడుకున్నాను. పొద్దున ఆరింటికి మూత తీస్తే కూర ఇంకా గోరువెచ్చగా ఉంది. పైన కొవ్వు పేరుకోలేదు. గిన్నె అంచు వెంట ఆవగింజలంత బుడగలు వరుసగా ఉన్నాయి. కుళ్లిన వాసన కాదు, పులిసిన పిండి వాసన. మా అత్తమ్మ రుచి చూడలేదు. రెండు వేళ్ల మధ్య కాస్త పులుసు తీసుకుని రుద్ది, వేళ్లు విడదీసి చూపించింది. దారం సాగింది. "పారబొయ్యి" అన్నది, అంతే. ఒక్క మాట తిట్టలేదు. మామయ్య సైకిల్ తీసుకుని మళ్లీ మటన్‌కు పోయాడు.

తర్వాత ఎప్పుడో, ఆర్డర్ల కోసం రిజిస్ట్రేషన్ తీసుకుని ఫుడ్ సేఫ్టీ ట్రైనింగ్‌కు పోయినప్పుడు ఆ రోజు ఏం జరిగిందో అర్థమైంది. వండిన తిండి 60 డిగ్రీల పైన ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు ఉండాలి. ఆ రెండింటి మధ్యనే సూక్ష్మజీవులు పెరుగుతాయి. మాంసంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా, క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అంటారు, దాని బీజాలు మరిగే కూరలో కూడా చావవు. కూర నిదానంగా చల్లారుతుంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. పెద్ద గంజులో నిండా ఉన్న కూర పైన చల్లగా తగిలినా నడుమ భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. నేను మూత పెట్టి, గుడ్డ చుట్టి వాటికి పురిటి గది చేసి ఇచ్చాను.

ఫ్రిజ్ పాడవుతుందని బయట పెట్టడం తప్పే. అట్లాగని మరుగుతున్న గంజును తీసుకుపోయి ఫ్రిజ్‌లో తోసేయడమూ తప్పే. ఇంటి ఫ్రిజ్‌కు అంత వేడిని లాగే శక్తి ఉండదు, పక్కనున్న పాలు, పెరుగు కూడా వేడెక్కుతాయి. చేయాల్సింది ఇది: కూర దించగానే వెడల్పాటి గిన్నెల్లోకి, పళ్లేల్లోకి సర్దు, లోతు రెండు అంగుళాలు మించకూడదు. బట్టలు నానబెట్టే టబ్ శుభ్రంగా కడిగి చల్లనీళ్లు పోసి, ఉంటే రెండు ట్రేల ఐసు ముక్కలు వేసి, ఆ గిన్నెలను అందులో నిలబెట్టు. ఫ్యాన్ వేసి మధ్యమధ్య శుభ్రమైన గంటెతో కలుపుతుంటే గంటలోపే చల్లబడుతుంది. అప్పుడు స్టీలు డబ్బాల్లోకి ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టాలి. దించిన దగ్గర నుంచి ఫ్రిజ్‌లోకి పోయేదాకా రెండు గంటలు దాటకూడదు. వంట కంటే ఇదే అసలు పని అనుకో, దీనికి టైము పెట్టుకో. అందుకే రాత్రి పదకొండింటికి కాదు, మధ్యాహ్నం వండమంటాను.

ముందు రోజు వండే మటన్‌ను పూర్తిగా ఉడికించకు. బారాణా (ముప్పావు వంతు) కంటే కాస్త ఎక్కువ ఉడకాలి, ముక్క గోరుతో నొక్కితే దిగాలి కానీ ఎముక నుంచి ఊడకూడదు. మర్నాడు వేడి చేసేటప్పుడు మిగతాది ఉడుకుతుంది. ఆలుగడ్డ, కొత్తిమీర, చివరి గరం మసాలా ముందు రోజు వేయకు. మర్నాడు మూత తీస్తే పైన కొవ్వు తెల్లగా పేరుకుని ఉంటుంది, సగం తీసేస్తే మామయ్యలాంటి వాళ్లకు మంచిది. వేడి చేసేటప్పుడు కొబ్బరి, గసగసాలు రాత్రంతా పీల్చుకోవడంతో పులుసు చిక్కబడి ఉంటుంది, మరిగిన నీళ్లు ఒకటి రెండు గ్లాసులు పోయి. చల్లనీళ్లు పోస్తే రుచి చప్పబడుతుంది. అంచుల్లో బుడగలు వస్తే చాలదు, నడుమ కూడా కుతకుతలాడాలి, ఒక ఐదారు నిమిషాలు అట్లాగే ఉండాలి. మొత్తం ఒకేసారి వేడి చేయకు. మొదటి పంక్తికి సగం, రెండో పంక్తికి మిగతా సగం. వేడి చేసింది చల్లార్చి మళ్లీ వేడి చేయడం వద్దు.

మీ ఇంట్లో నవమి నాడు నీసు వద్దంటే దసరా పొద్దున్నే తెప్పించి పదకొండింటికల్లా వండేయి. ఇక్కడ చాలామంది ఒకటి మరిచిపోతారు. పొద్దున పదకొండుకు దించిన కూర రాత్రి ఎనిమిదిన్నరకు తింటున్నామంటే మధ్యలో తొమ్మిదిన్నర గంటలు. పండుగ నాడే వండాం కదా అని గ్యాస్ బండ మీద వదిలేస్తే అదీ ముందు రోజు వండి బయట పెట్టినట్టే. దాన్ని కూడా పైన చెప్పినట్టే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఫ్రిజ్ లేని రోజుల్లో ఎట్లా చేసేవాళ్లు అని అడుగుతావేమో. ఊళ్లో నలుగురు కలిసి యాటను కోసి పోగులేసుకునేవాళ్లు, ఎవరి పోగు వాళ్లు ఆ పూటకే వండుకునేవాళ్లు. మిగిలితే ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండేసి ఒరుగులు చేసేవాళ్లు. రాత్రి మిగిలిన కూర ఉంటే పడుకునే ముందు ఒకసారి, కోడి కూయగానే ఒకసారి కాగబెట్టేవాళ్లు. అది ఇంట్లో ఏడెనిమిది మందికి వండిన చిన్న గురిగిలో కూర. పాతికమంది గంజుకు ఆ లెక్క పనికిరాదు.

బగారన్నం మాత్రం ముందు రోజు వండే ఆలోచనే పెట్టుకోకు. రుచి సంగతి పక్కన పెట్టు, వండిన అన్నం రాత్రంతా బయట ఉంటే అందులో కూడా ఇంకో రకం బ్యాక్టీరియా పెరుగుతుంది, బాసిల్లస్ సీరియస్ అని. అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఫంక్షన్లలో తిన్న గంట రెండు గంటలకే వాంతులు అయ్యాయంటే చాలాసార్లు అనుమానం కూర మీదికి పోతుంది, తప్పు అన్నానిది కూడా అయ్యుండొచ్చు.

నువ్వు జమ్మికి పోవాలి అన్నావు కాబట్టి బగారకు నేను చేసే పద్ధతి చెప్తాను. పాతికమందికి రెండున్నర కిలోల బియ్యం. పెరుగన్నానికి వేరేగా ఒక అరకిలో తెల్లన్నం. బియ్యం పాతవే కావాలి. దసరా నాటికి వానకాలం వడ్లు అక్కడక్కడ కోతకు వస్తుంటాయి, తొందరపడి కొత్త బియ్యం తెచ్చావంటే ముద్ద అవుతుంది. మీకేం, పక్కనే మిర్యాలగూడ మిల్లులు, ఏడాది దాటిన బియ్యం కావాలని అడిగి తెచ్చుకో. ఇంటి స్టవ్ మీద రెండున్నర కిలోలు ఒకే గిన్నెలో వండకు. మంట నడుమనే తగిలి అడుగు మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది. రెండు గిన్నెలు, ఒక్కో దాంట్లో కిలోంపావు.

జమ్మికి బయలుదేరే ముందు రెండు గిన్నెల్లో నూనె, నెయ్యి, షాజీరా, లవంగం, చెక్క, బిర్యానీ ఆకు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, అల్లం ఎల్లిగడ్డ, పుదీన వేయించి, ఎసరు పోసి, ఉప్పు వేసి ఒక మరుగు రానిచ్చి ఆపేయి. ఎసరు ఉప్పు సముద్రపు నీళ్లలా కాస్త ఎక్కువ అనిపించాలి, అప్పుడే బియ్యం పడ్డాక సరిపోతుంది. ఇద్దరికి వండేటప్పుడు గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోస్తాం, ఇక్కడ గ్లాసుకు గ్లాసున్నర నుంచి గ్లాసుముప్పావు చాలు. గిన్నె పెద్దదైతే ఆవిరై పోయే నీళ్లు తక్కువ. జమ్మి నుంచి రాగానే చేతులు కడుక్కుని బియ్యం కడిగి నానబెట్టు, ఎసరు కింద మంట వెలిగించు. మీ ఆయన పెద్దవాళ్ల చేతిలో బంగారం అని జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కి, అలాయ్ బలాయ్ అయ్యేసరికి ఇరవై నిమిషాలు అవుతుంది. బియ్యం నానుతాయి, ఎసరు మరుగుతుంది. బియ్యం వేసి, నీళ్లు ఇంకగానే పెనం మీద పెట్టి సన్న మంట మీద పదిహేను నిమిషాలు. పోయేముందే బియ్యం నానబెట్టి పోవద్దు, మూడు గంటలు నానిన బియ్యం గంటె తగలగానే విరుగుతుంది.

గుత్తివంకాయకు మసాలా ముందు రోజే నూరి పెట్టు. పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి, ధనియాలు వేయించి, చింతపండు, కారం, ఉప్పు వేసి నీళ్లు ఎక్కువ కాకుండా నూరాలి. స్టీలు డబ్బాలోనో గాజు సీసాలోనో పెట్టాలి. చింతపండు పడినది, పెరుగు పడినది అల్యూమినియం గిన్నెలో రాత్రంతా ఉంచితే గిన్నె నల్లబడుతుంది, రుచి మారుతుంది. వంకాయలు మాత్రం మర్నాడే చీల్చి ఉప్పునీళ్లలో వేసుకో. నీసు తినని పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఈ కూరకు, పప్పుకు గంటె, గిన్నె వేరే పెట్టు, వడ్డించేవాళ్లకు ముందే చెప్పు. తొందరలో మటన్ గంటె వంకాయలో పడితే ఆ ముసలావిడ ఏమీ అనకుండా పెరుగన్నం తిని లేస్తుంది, మనకు వారం రోజులు మనసులో ఉంటుంది.

గారెలు. వేయించిన గారె తెల్లారేసరికి తోలులా సాగుతుంది, వేడి చేస్తే గట్టిపడుతుంది. పిండి ముందు రోజు రుబ్బితే పులిసి నూనె పీలుస్తుంది. మినపపప్పు పండుగ నాడు పొద్దున తొమ్మిదికి నానబెట్టు, నాలుగు గంటలు చాలు, ఎక్కువ నానినా నూనె పీలుస్తుంది. కిలో పప్పుకు అరవై గారెల దాకా వస్తాయి. గట్టిగా రుబ్బి ఉప్పు వేయకుండా ఫ్రిజ్‌లో పెట్టు. ఉప్పు ముందే వేస్తే పిండి నీరు వదులుతుంది. జమ్మికి పోయే ముందు ఉప్పు, పచ్చిమిర్చి, అల్లం కలిపి, గారెలు తెల్లగా ఉండగానే, అంటే సగం రంగు రాకముందే తీసి ఆరబెట్టు. అందరూ కూర్చున్నాక నూనె బాగా కాగనిచ్చి రెండోసారి వేయి. రెండు మూడు నిమిషాల్లో ఎర్రగా, కరకరలాడుతూ వస్తాయి. ఉల్లిగడ్డ వేయాలనుకుంటే ఈ పద్ధతి కుదరదు, ఉల్లిగడ్డ మాడుతుంది.

నిజం చెప్పాలంటే నేనైతే పెరుగు గారెలు పెడతాను. అవి ముందు రోజు చేస్తేనే బాగుంటాయి. వాటికి పప్పు ముందు రోజు పొద్దున నానబెట్టి మధ్యాహ్నం రుబ్బుకోవాలి. వేయించగానే గోరువెచ్చని నీళ్లలో వేసి, అరచేతుల మధ్య నొక్కి, అల్లం పచ్చిమిర్చి కలిపిన పలుచటి పెరుగులో వేసి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి లోపలి దాకా పెరుగు ఎక్కుతుంది. వడ్డించే ముందు తాలింపు వేసి, క్యారెట్ తురుము చల్లితే చాలు. చివరి నిమిషంలో నూనె మూకుడు దగ్గర నిలబడే బాధ ఉండదు.

భక్షాలకు పూర్ణం ముందు రోజు. కిలో శెనగపప్పు, కిలో బెల్లానికి మామూలు నిమ్మకాయ కంటే కాస్త పెద్ద ముద్దలు యాభై దాకా అవుతాయి, పాతికమందికి చాలు. పప్పు పలుకుగా ఉడికించి నీళ్లు పూర్తిగా వార్చేయి, ఆ నీళ్లతో చారు పెట్టుకో, ఆ చారు ముందు బగారా దిగదుడుపే అంటాడు మా ఆయన. పూర్ణం పలుచబడితే గాబరాపడకు, చెంచా నెయ్యి వేసి సన్న మంట మీద గట్టిపడేదాకా కలుపు. మర్నాడు చేసే ముందు గంటసేపు బయట పెట్టు, ఫ్రిజ్ నుంచి తీసిన గట్టి పూర్ణం పిండిని చించుతుంది. దసరా పొద్దున కాల్చుకుని గుడ్డలో చుట్టి పెడితే రాత్రికి మెత్తగానే ఉంటాయి.

ఇక చిల్లర పనులు. అల్లం ఎల్లిగడ్డ ముందు రోజు నూరి పైన నూనె పోసి ఫ్రిజ్‌లో పెట్టు. ఉల్లిగడ్డలు పచ్చివి కోసి పెట్టకు, చేదు వస్తాయి, ఫ్రిజ్ అంతా వాసన. కోసి వేయించి పెట్టుకుంటే మాత్రం కూరకు, బగారకు రెండింటికీ పనికొస్తాయి. పుదీన, కొత్తిమీర కడగకుండా తెంపి పొడి గుడ్డలో చుట్టు. నాలుగు లీటర్ల పాలు రాత్రి తొమ్మిదికి తోడు పెట్టి, పొద్దున లేవగానే ఫ్రిజ్‌లోకి. ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలన్నీ ముందు రోజే బయట పెట్టేయి, చోటు ఎట్లా సరిపోతుందో ఖాళీ డబ్బాలతో ఒకసారి సర్ది చూసుకో. గ్యాస్ సిలిండర్ ఎత్తి బరువు చూడు. ఒకసారి నాకు ఎసరు మరుగుతుండగా అయిపోయింది, పక్కింటి వదిన వాళ్ల సిలిండర్‌ను ఇద్దరం దొర్లించుకుంటూ తెచ్చాం, ఇంట్లో చుట్టాలు చూస్తుండగా.

భోజనాలయ్యాక మిగిలిన మటన్ గురించి ముచ్చట్లలో పడి మరిచిపోతారు. వేడి చేయని డబ్బా ఏదైనా మిగిలితే అది ఫ్రిజ్‌లో నుంచి తీయనే వద్దు, మర్నాడు జొన్నరొట్టెల్లోకి అదే పనికొస్తుంది. వడ్డించి మిగిలింది మాత్రం ఆ రాత్రే ఎవరింటికైనా పంపేయి.

అత్తమ్మను పనిలోంచి తప్పించకు. కుర్చీ వేసి కూర్చోబెడితే ఎల్లిగడ్డ ఒలవడం, కొత్తిమీర తెంపడం, పూర్ణం ముద్దలు చేయడం నీకంటే తొందరగా చేస్తుంది. మటన్‌లో చివరి ఉప్పు కూడా ఆమెనే చూడమను. జమ్మికి పోయేటప్పుడు గ్యాస్ దగ్గర ఎవరు ఉంటారో ముందే అడిగి పెట్టుకో, మీ ఆడిబిడ్డల్లో ఒకరు పసిపిల్లతో ఇంట్లోనే ఉంటారేమో చూడు. ఎసరు కింద మంట ఏ టైముకు వెలిగించాలో ఆమెకు చెప్పి పోతే నువ్వు ఇంకో పావుగంట ఆలస్యంగా వచ్చినా ఏమీ కాదు.